నిప్పు చూపిన తీగ

పొద్దున పొయ్యి ముట్టించేటప్పుడు రామవ్వ ఊదదు. కట్టెలు తడిసినా, పొగకు కళ్లు మండినా, తాటాకు విసనకర్ర పట్టుకొని పొయ్యి ముందు కూర్చొని విసురుతూనే ఉంటుంది. పక్కింటివాళ్ల నీళ్లు కాగి, స్నానాలు కూడా అయిపోతాయి. ఈమె పొయ్యి అప్పుడే అంటుకుంటూ ఉంటుంది.

"ఓ రామవ్వా, రెండుసార్లు ఉఫ్ అంటే అయిపోయేదానికి గింత తిప్పలెందుకే? నోరు అరిగిపోతదా?" అంటుంది మా అవ్వ.

"అరిగిందక్కా. ఎప్పుడో అరిగింది" అంటుంది రామవ్వ, విసరడం ఆపకుండా.

మెట్‌పల్లిలో మా ఇంటి వెనక గదిలోకి ఆమె కిరాయికి వచ్చి ఆరేళ్లు కావస్తోంది. ఆ మాట వెనక ఉన్న సంగతిని ఆమె ఒక్కసారిగా కూర్చొని చెప్పలేదు. బీడీలు చుట్టే తునికాకు కత్తిరిస్తూ ఒకరోజు కొంత, ఇంకోరోజు కొంత చెప్పింది. చెప్పేటప్పుడు ఆకు మీదనుంచి చూపు తీయలేదు.

ఆమె పుట్టింది ఈ ఊళ్లోనే. కోడలుగా వెళ్లింది కరీంనగర్‌లో వెండితీగ పని చేసే అవుసలవాళ్ల ఇంటికి. ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరు. పెద్దవాడు మొండయ్య, చిన్నవాడు పర్శరాములు. రామవ్వ భర్త పర్శరాములు.

వెండి కడ్డీని కమ్మచ్చు అనే ఉక్కుపలక బెజ్జాల్లోంచి లాగుతారు. పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి వస్తూ పోతే కడ్డీ కాస్తా వెంట్రుకంత తీగ అవుతుంది. అయితే లాగిన కొద్దీ వెండి బిగుసుకుంటుంది, మొండికేస్తుంది, చివరకు పుటుక్కున తెగుతుంది. తెగకముందే దాన్ని చుట్ట చుట్టి, నిప్పుల మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చాలి. అప్పుడు మళ్లీ మెత్తబడి చెప్పినట్టు వింటుంది. లాగడం మగవాళ్ల పని, కాల్చడం రామవ్వ పని. పొద్దున కుంపటి ముందు కూర్చొని ఊదుగొట్టం నోట పెట్టుకుంటే, అన్నాల వేళకు తీసేది. తిన్న తర్వాత మళ్లీ పెట్టుకునేది. కొన్నేళ్లకు పెదవుల మూలలు నల్లబడ్డాయి. తర్వాత దగ్గు వచ్చింది.

ఆ ఇంట్లో తీగ అన్నది ఏదైనా సరే, నిప్పు చూసిన తర్వాతే వంగాలి. ఎందుకని ఎవరూ అడగరు. కాళ్లు కడుక్కొని ఇంట్లోకి వచ్చినట్టు అదొక అలవాటు.

నిజాం రాజ్యం ఉన్నన్నాళ్లూ పని బాగానే ఉండేది. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు ఎక్కువగా జాగీర్దార్ల ఇళ్లకు, దేశ్‌ముఖుల ఇళ్లకు పోయేవి. పోలీసు యాక్షన్ తర్వాత ఆ ఇళ్లలో కొనేవాళ్లు తగ్గిపోయారు. పర్శరాములు చేతులకు తీరిక దొరికింది. పోలీసు యాక్షన్ రోజుల్లోనే ఒక విమానం కరీంనగర్ మీదుగా కిందుగా పోయిందట. వాడ మొత్తం భయపడి ఇళ్లలోకి ఉరికితే, ఇతను ఒక్కడూ వాకిట్లో నోరు తెరుచుకొని నిలబడ్డాడట.

"బాంబు పడుతది, లోపలికి రా అని నేను చెయ్యి పట్టి గుంజిన. 'ఆగే, దాని కాళ్లు చూడనియ్యి' అన్నడు. అందరు రెక్కలు చూసిండ్రు, మా ఆయన కాళ్లు చూసిండు" అంది రామవ్వ.

అప్పటినుంచి విమానాలు చేయడం మొదలుపెట్టాడు. ముందు వెండి తుంపులతో అరచేతిలో పట్టేవి చేశాడు. తర్వాత ఎగిరేవి చేయాలనుకున్నాడు. వెదురు చీలికలతో ఒళ్లు, పతంగి కాగితంతో రెక్కలు, సైకిలు ట్యూబునుంచి సన్నగా కోసిన రబ్బరు. ముందరి పంఖాను వేలితో తిప్పి తిప్పి రబ్బరుకు మెలి ఎక్కించి వదిలితే, ఆ మెలి విడిపోయేంతసేపు ఎగిరేది. మెలి ఎక్కించేటప్పుడు తోకను ఇంకొకరు గట్టిగా పట్టుకోవాలి. ఆ పట్టుకునేది కూడా రామవ్వే.

ఎగరడానికి బాగానే ఎగిరేవి. దిగడంలోనే వచ్చేది తంటా. ఇత్తడి తీగతో కాళ్లు చేస్తే ఒక్క దెబ్బకు చాపుకొనేవి. సైకిలు పుల్లతో చేస్తే బరువుకు ముక్కు కిందికి వంగేది.

"మీ విమానానికి కుంటికాకికి తేడా లేదు మరిదీ, రెండూ పడుకునే దిగుతయి" అని తోడికోడలు ఐలవ్వ, అంటే మొండయ్య భార్య, నవ్వేది.

రామవ్వ కూడా నవ్వేది. అప్పట్లో అది నవ్వుకునే సంగతే.

అది నవ్వులాట కాకుండా పోయింది రామేశ్వర్‌రావు దొర వల్ల. ఆయన భూములున్న మనిషి. భూముల్లోంచి లారీల వ్యాపారంలోకి వచ్చాడు. మంచిర్యాల దిక్కు, నస్పూర్ దగ్గర బొగ్గుబావుల పిల్లల కోసం కొత్తగా పెడుతున్న ఒక బడి కమిటీకి ఆయన పెద్ద. బిడ్డ పెళ్లికి అత్తరుదాను చేయించడానికి మొండయ్య దగ్గరికి వచ్చి, దూలానికి వేలాడుతున్న విమానాన్ని చూశాడు.

"ఇది ఎవలు చేసిండ్రు?"

"నా తమ్ముడు, దొరా. పని లేక చేసిండు" అన్నాడు మొండయ్య, పక్కనున్న పర్శరాములును చూపించి, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

దొర దాన్ని దింపించి చాలాసేపు చూశాడు. ఆ బడికి చేతిపనుల మాస్టరు కావాలి. వడ్రంగం తెలిసినవాళ్లు దొరుకుతున్నారు కాని, పిల్లలకు ఇలాంటివి నేర్పేవాడు ఎవరూ దొరకలేదు అన్నాడు. జీతంతో పాటు రెండు గదుల ఇల్లు, వాకిట్లో నల్లా.

"గాని కమిటీల ఇంకా ముగ్గురున్నరు పర్శరాం. వాండ్లకు కండ్లతోటి చూపియ్యాలె. నేల మీదికెల్లి లేవాలె, దిగాలె, దిగినంక అవే కాళ్ల మీద మళ్లా లేవాలె. ఇత్తడి గిత్తడి పెట్టకు. స్ప్రింగులు చేసే ఉక్కుతీగ తెచ్చుకో" అని చెప్పి వెళ్లాడు.

ఆ రోజు భర్తకు అన్నం పెడుతూ రామవ్వ ఒక్కటే అడిగింది.

"ఆ ఇంట్ల కుంపటి ఉంటదా?"

"మాస్టరింట్ల కుంపటెందుకుంటదే, పిచ్చిదానా?"

ఆ మాట ఆమె ఇప్పటికీ అదే గొంతుతో చెప్పగలదు. జీతం ఎంతో ఆమె అడగలేదు. నస్పూర్ ఎటువైపో కూడా తెలియదు. కుంపటి లేని ఇల్లు అంటే చాలు.

ఉక్కుతీగ కరీంనగర్‌లో దొరకలేదు. హైదరాబాదు పోవాలి. ఎలాగూ రామవ్వ దగ్గు పట్నంలో పెద్ద దవాఖానలో చూపించాలని ఏడాదిగా అనుకుంటున్నారు కాబట్టి, ఇద్దరూ బస్సెక్కారు. దిగగానే పర్శరాములు ముందు తీగ అన్నాడు. రాణిగంజ్‌లో దుకాణం దుకాణం తిరిగారు. ఒకచోట కట్టుతీగ చూపించారు, ఒకచోట కంచె తీగ. చివరకు ఒక సందులో స్ప్రింగులు చుట్టే ముసలి సాయబు దుకాణం దొరికింది.

సాయబు దబ్బనమంత లావు తీగను ఒక మూరెడు తీసి, రెండు కొసలు దగ్గరికి వంచి ఒక కొస వదిలేశాడు. తీగ గాలిలో ఒక్క విసురు విసిరి నిటారుగా నిలబడింది. పర్శరాములు ముఖం పెళ్లికొడుకు ముఖంలా అయిందట.

"ఏం చేస్తవ్ దీంతోటి?" అని అడిగాడు సాయబు.

"విమానానికి కాళ్లు."

సాయబు అతన్ని ఒకసారి, గడప దగ్గర నిలబడ్డ రామవ్వను ఒకసారి చూశాడు. "విమానమా! మాషా అల్లా. జర సబర్‌తోటి, ఓపికతోటి చెయ్యాలె బేటా. కత్తెర పెట్టకు, కత్తెరే పోతది. ఆకురాయితో గాటు పెట్టి విరువు. విరిచేటప్పుడు కన్ను దూరముంచు. చల్లగనే వంచు. తప్పు వంగిందా, పారెయ్యి, మళ్లా సక్కగ చెయ్యకు. ఇంకోటి, దీనికి నిప్పు చూపియ్యకు. నిప్పు చూపిస్తే దీని జాన్ పోతది."

తీగ కాగితంలో చుట్టించుకొని దవాఖానకు చేరేసరికి, రోగుల్ని చూసే వేళ దాటిపోయింది. గేటు దగ్గరి మనిషి రేపు రమ్మన్నాడు. తిరుగు బస్సుకు టైం అవుతోంది. "మళ్లొకసారి వద్దాం తియ్" అన్నాడు పర్శరాములు. రామవ్వ సరేనంది. మళ్లీ ఆ దవాఖానకు వాళ్లు పోలేదు.

తీగ ఇంటికి వచ్చిన మర్నాడే దాని గుణం చూపించింది. పర్శరాములు అలవాటు ప్రకారం అన్న కత్తెర తీసుకొని ఒక్క నొక్కు నొక్కాడు. తీగ తెగలేదు, కత్తెర అంచున పంటి గాటు పడింది. మొండయ్య ఇల్లు ఎగిరేటట్టు అరిచాడు.

"బాపు కాలం నాటి కత్తెర రా అది! నీ విమానం పాడుగాను!"

తర్వాత ఆకురాయి పెట్టి విరిచాడు. తుంపు ఎగిరి చెంపకు తగిలింది. పట్టకారుతో వంచితే వంగినట్టే వంగి, వదలగానే సగం వెనక్కి వచ్చేది. ఎక్కువ వంచితే కావలసిన చోట కాకుండా పక్కన వంగేది. వెంట్రుకంత తీగతో మల్లెమొగ్గ చుట్టగల చేతులు అవి. ఒక్క మూల తిప్పలేకపోతున్నాయి. బొటనవేలు చీరుకుపోయింది. రక్తం కన్నా అవమానం ఎక్కువైంది అతనికి.

"కుంపటి రాజెయ్యే" అన్నాడు.

రామవ్వ కదలలేదు. "నిప్పు చూపియ్యద్దన్నడు కదయ్యా ఆ సాయబు."

"వాడు స్ప్రింగులు చుట్టెటోడు. మనం తీగల్లనే పుట్టినోళ్లం. మనకు చెప్తడా వాడు?"

"దాని జాన్ పోతదన్నడు. నేను గడపల నిలబడి విన్న."

"విన్నవు తియ్. గొట్టం పట్టు."

ఆమె గొట్టం పట్టింది. తీగను కొలిచి తుంచి, అతనే నిప్పుల మీద పెట్టాడు. ఆమె ఊదింది. ఎర్రబడింది. చల్లార్చారు. తీసి వంచితే వెండిలాగే వంగింది. పర్శరాములు పట్టరాని సంతోషంతో ఆ కాళ్లకు మోకాళ్ల దగ్గర చిన్న సుడులు కూడా తిప్పాడు, పళ్లెం అంచుకు తిప్పినట్టు. చక్రాలు తొడిగి, విమానాన్ని నేల మీద నిలబెడితే కొంగలా నిలబడింది.

రామవ్వ వేలితో దాని వీపు మీద మెల్లగా ఒత్తింది. విమానం కొంచెం కుంగింది. వేలు తీసినా కుంగే ఉంది.

"ఒత్తితే మళ్ల లేస్తలేదు" అంది.

"దానికి నెమ్మది వచ్చింది. ఊకె పొడవకు."

తీగ ఇంకా మూరెడు మిగిలే ఉంది, నిప్పు చూడనిది. అది చూపించి, దానితో ఇంకో జత చేయమని ఆమె రెండు మూడు సార్లు అడిగింది. చేద్దాం అన్నాడు. చేయలేదు. దొర వస్తానన్న ఆదివారం రానే వచ్చింది.

కార్తీకం వెళ్లి చలి మొదలైన రోజులు. ఊరి బయటి మైదానానికి రామేశ్వర్‌రావు, కమిటీలోని ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. వాడలోవాళ్లు కూడా చాలామంది వచ్చారు. మొండయ్య, ఐలవ్వ వచ్చారు. రామవ్వ తోక పట్టుకుంది, పర్శరాములు పంఖా తిప్పాడు. వదలగానే విమానం గట్టినేల మీద కొద్దిదూరం పరుగెత్తి లేచింది. మనుషుల తలల మీదుగా పోయింది. కమిటీలో ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

దిగింది. కుడికాలు పక్కకు చాపుకొని, రెక్క కొస నేలను గీరింది.

పర్శరాములు ఉరికి, కాలిని రెండు వేళ్లతో సరిచేశాడు. తడిసిన దారంలాగా సులువుగా సర్దుకుంది అది. మళ్లీ తిప్పి వదిలాడు. ఈసారి పరుగెత్తుతుండగానే రెండు కాళ్లూ చెరోవైపు పరుచుకున్నాయి. ముక్కు నేలకు కొట్టుకొని పంఖా విరిగింది.

రామేశ్వర్‌రావు వంగి, ఆ కాలి తీగను బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇది స్ప్రింగు తీగనేనా? కాల్చినవా దీన్ని?"

పర్శరాములు విరిగిన పంఖా ముక్కలు ఏరుకున్నాడు.

"లారీ కమాన్‌పట్టీ గూడ స్ప్రింగే, దాన్ని నిప్పుల పెడితే ఏమైతదో మా డ్రైవరుకు గూడ ఎరుకే. నీకు ఎవలన్న వద్దని చెప్పలేదా?"

అప్పుడు పర్శరాములు తల ఎత్తకుండా అన్నాడు. "నేను గాదు దొరా. మా ఇంటిది. నేను లేనప్పుడు కాల్చి పెట్టింది. వెండి అనుకున్నది."

రామవ్వ ఇంకా తోక పట్టుకున్న చోటనే నిలబడి ఉంది. దొర ఆమె వైపు తిరిగాడు.

"నిజమేనా, అమ్మా?"

అక్కడ వాడ మొత్తం ఉంది. బావ ఉన్నాడు. కాదు అంటే భర్త అబద్ధాలకోరు అవుతాడు. కొలువు పోతుంది, ఇల్లు పోతుంది. అవును అంటే తన పేరు పోతుంది, కొలువన్నా దక్కవచ్చు. అంత లెక్క ఆ ఒక్క క్షణంలో ఆమె వేసుకుంది. తల ఊపింది.

కమిటీలో చప్పట్లు కొట్టినాయన నవ్వాడు. "మరింకేంది రావుగారూ, పనంత ఆమెనే చేస్తున్నదట. మాస్టరు కొలువు ఆమెకే ఇద్దాం." అందరూ నవ్వారు. ఐలవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

రామేశ్వర్‌రావు నవ్వలేదు. "తీగ కరాబైతే ఫికర్ లేకుండె పర్శరాం. తప్పు వంగింది, ఇంకోటి వంచి తెస్తనంటే నాలుగు దినాలు ఆగుదు. గాని నీ పని ఏమైతున్నదో నీకే ఎరుక లేదంటివి. ఇంటి ఆడామె ఏం చేసిందో చూసుకోకుండ తెచ్చి పెడితివి. రేపు యాభై మంది పోరగాండ్లను నీ చేతిల ఎట్ల పెట్టాలె?"

అంతే. దొర, కమిటీవాళ్లు జీపెక్కి వెళ్లిపోయారు.

అబద్ధం చెప్పకపోతే కొలువు దక్కేదని పర్శరాములుకు అక్కడే అర్థమై ఉండాలి. కాని ఆ సంగతి అతను ఎన్నడూ పైకి అనలేదు. ఇంటికి వచ్చి విమానాన్ని దూలానికి వేలాడదీశాడు, పీట ముందు కూర్చొని వెండి లాగడం మొదలుపెట్టాడు. రామవ్వ కుంపటి ముందు కూర్చుంది.

ఆ రోజు అతను ఒక్కమాట చెప్పి ఉంటే చాలునట. 'నా నోట్లకెల్లి అట్లొచ్చింది' అని, ఇంట్లో, తనొక్కదానికి చెప్పినా చాలునట. "నేను గా మాట కోసం చాన దినాలు చూసిన. నిద్రల లేచి కూడ చూసిన, ఏమన్న అంటడేమోనని."

వాడలో ఆమెకు పేరు పడింది. ఉక్కు ఉడకబెట్టిన రామవ్వ. నీళ్ల దగ్గర ఆడవాళ్లు, "రామవ్వా, నా గడ్డపార జర మెత్తగ చేసిస్తవా?" అని అడిగేవాళ్లు. మొదట్లో హాస్యం, తర్వాత అలవాటు. ఐలవ్వ హాస్యం అని కూడా అనుకోలేదు. "మా మరిది మాస్టరు కావల్సినోడు. ఈమె చేతి వాసి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పర్శరాములు వింటూ వెండి లాగేవాడు.

అదంతా రామవ్వ భరించింది. మూడు నాలుగేళ్లు భరించింది. పడితే తనే పడుతున్నాననీ, ఇంటి మగవాడి పరువు నిలబడిందనీ అనుకుంది. అసలు సంగతి ఇద్దరికీ తెలుసు, అది చాలు అనుకుంది.

ఒకరోజు జగిత్యాలనుంచి చుట్టాలు వచ్చారు. అన్నాలు తింటూ ఎవరో దూలానికి వేలాడుతున్న విమానం సంగతి అడిగారు. పర్శరాములు చెప్పడం మొదలుపెట్టాడు. రాణిగంజ్ సందు, సాయబు, తీగ విసురు, అంతా చక్కగా చెప్పాడు. రామవ్వ అన్నం వడ్డిస్తోంది.

"ఆ సాయబు మరీ మరీ చెప్పిండు, నిప్పు చూపియ్యకు, జాన్ పోతదని. ఈమె వింటదా? 'మనం తీగల్లనే పుట్టినోళ్లం, వాడు మనకు చెప్తడా' అన్నది. నేను వద్దు వద్దు అంటనే ఉన్న. దాని జాన్ పోతదే అన్న. ఇంటెనా!"

అతను అబద్ధం ఆడుతున్నట్టు లేదు. అదే తనకు నిజంగా గుర్తున్నట్టు, పప్పులో ముద్ద కలుపుకుంటూ చెప్పాడు.

రామవ్వ పక్క కంచంలో అన్నం వడ్డించింది. తను అన్న మాటలు అతని నోట, అతను అన్న మాటలు తన నెత్తిన. ఇక ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరు కాదు, తను ఒక్కతే.

"నా పేరు పొయ్యింది, పోనియ్యి అనుకున్న బిడ్డా. నేను చెప్పిన ఒక్క మంచి మాట నాకు ఉండె. గది గూడ గుంజుకున్నడు" అంది ఆమె నాతో.

చుట్టాలు వెళ్లిన మర్నాడు ఆమె రెండు చీరలు మూట కట్టుకొని, మెట్‌పల్లి బస్సెక్కింది. చెల్లెలు శంకరవ్వ ఇంటికి వచ్చి, పుట్టింటికి వచ్చినట్టే కొన్నాళ్లు ఉంది. తర్వాత తిరిగి వెళ్లలేదు.

పర్శరాములు ఒకసారి వచ్చాడు. శంకరవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు, మంచినీళ్లు తాగాడు. ఏమే, ఎట్లున్నవు అని అడగలేదు.

"అన్న పరేషాన్ అయితుండు. కుంపటి కాడ ఎవలు లేరు. వొదినెకు ఊదరాదు" అన్నాడు.

"నేను వస్త" అంది రామవ్వ. "ఒక్క మాట చెప్పు. నిప్పు వద్దన్నది నువ్వా, నేనా?"

అతను చెప్పుల వైపు చూశాడు. శంకరవ్వ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇప్పుడు గదంత ఎందుకే?"

"నాకు గావాలె. వీళ్ల ముందు గూడ అక్కర్లేదు, నా చెవుల చెప్పు. ఇప్పుడే బస్సెక్కుత."

బస్సు వేళ అవుతుంటే లేచాడు. ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయాడు. అతను మాట ఆపుకున్నాడో, నిజంగానే ఏది నిజమో అతనికి తెలియకుండా పోయిందో రామవ్వకు ఇప్పటికీ తెలియదు. రెండోదే అయి ఉంటుందని ఆమె అనుకుంటుంది. మొదటిదైతే ఏదో ఒకరోజు మళ్లీ వచ్చేవాడట.

అతను ఇంకా కరీంనగర్‌లో అన్న దగ్గరే పని చేస్తున్నాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చెల్లెలి ఇంటినుంచి మా వెనక గదికి మారిన రామవ్వకు ఇప్పుడు నలభై దాటాయి. పిల్లలు లేరు. రోజంతా బీడీలు చుట్టి, వాటిని సాయంత్రం కార్ఖానాలో ఇచ్చి వస్తుంది. ఊదడం మాత్రం ఆ కుంపటి దగ్గరే వదిలేసి వచ్చింది.